నల్ల మీసం కార్డు

హలో… ఎవురూ, ఓబుళేసా? ఆ, అక్కనేరా. నాయన ఫోను నా తాన ఉండాది.

…నల్లమాడ బస్టాపులో ఉండాం. నేనూ, నాయనా. ఆయన ఆ పక్క అరుగు మీద కూచోనుండాడు.

…ఆ, వచ్చింది. నాయన లైసెన్సు పొద్దన్నే పోస్టులో వచ్చింది.

…సంబరపడొద్దు. ముందు చెప్పేది విను.

…ఏ సోమవారం? నాయన స్కూలు వ్యాను తోలేదీ ల్యా, ఏమీ ల్యా. వ్యాను ఓనరు మల్లికార్జునన్నకు ఫోన్ చేసి ఇంగో డ్రైవర్ని చూసుకోమను.

…అరవొద్దు. అరిస్తే పెట్టేస్తా.

…చెప్తాండా కదరా! కార్డు రాంగానే నాయన నీళ్లు పోసుకోని దేవుని పటం ముందర పెట్టె. ఆయుధపూజకు లైసెన్సుకు గూడా బొట్టు పెట్టేది మనింట్లో ఉండేదే కదా… ఆ, తాళాలు, నిమ్మకాయ, అన్నీ. ఈసారి పండగదాకా ఆగల్యాకపోయె. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి రెండిటికీ పసుపూ కుంకుమా పూసె.

…పూస్తే తప్పేముండాది? తప్పు ఆడ కాదు.

నీ లైసెన్సు బ్రోకరు చెప్పినాడు కదా, కొత్తది వస్తూనే పాతది కత్తిరించి పారేయండి, ఎవురికన్నా దొరికితే దాంతో సిమ్ములు తీసుకుంటారని… ఆ, అదే. నాయన కత్తెర అడిగె. ఇచ్చినా. నేను పొయ్యికాడ ఉంటి.

…ఏమయిందంటే? కొత్తదాన్ని కత్తిరించినాడురా. నడిమికి. రెండు ముక్కలు.

…నవ్వుతాండావా? నవ్వు, నవ్వు.

…పొరపాటా? ఒకదాంట్లో నల్ల మీసం, నిండా జుట్టు. ఇంగోదాంట్లో మీసం నెరిసిపోయి బట్టతల. మా జయంతి రెండో తరగతి, అది గడప కాడి నుంచే చెప్పింది యాది కొత్తదో. నాయన ముక్కు కాడికి తెచ్చుకోని చూసి మరీ కోసినాడు. అయినా కండ్లకు ఆనల్యా.

…డూప్లికేటా? థూ! ఆ మాట నీకు నోరెట్ల వచ్చిందిరా?

…ఆ, ఇచ్చినాడు డాక్టరు సర్టిఫికెట్టు. ఎట్ల ఇచ్చినాడో చెప్పల్లా? నేను పక్కనే ఉంటి కదా. ఫోను చూసుకుంటా, తలకాయ ఎత్తకుండా, చూపు బాగుండాదని రాసి ముద్ర గుద్దె. గోడకు అక్షరాల అట్ట యాలాడుతాండె. దాని పక్క చూడమని గూడా అనల్యా. నాయన ముఖం గూడా చూడల్యా. వాడూ ఒక డాక్టరే!

…అందరూ అట్లే చేపిస్తారా? ఆ మాట వింటేనే అసయ్యం పుడ్తాందిరా నాకు. ఇరవై రెండు మంది పిల్లోళ్లు ఎక్కే వ్యాను అది. నా కూతురు ఎక్కే వ్యాను. చెరువుకట్ట మలుపులో ఎదురుగా టిప్పరు వస్తే? అందరూ అట్లే చేపిస్తారని ఎవురికి చెప్పుకుందాం అప్పుడు?

…తెలుసు. ముప్పై ఏండ్లు నీళ్ల ట్యాంకరు తోలినాడు, కోడిపిల్లను గూడా తొక్కల్యా. నాకు చెప్తావా? నీళ్లు ల్యాక ఎండిపోయిన ఏండ్లల్లో ఆయనొస్తేనే మన వీధిలో కడవలు నిండె. అప్పుటి కండ్లు వేరే.

…నిన్నొక్కన్నే అనేది ల్యా. నన్ను నేను ఇంగా ఎక్కువ తిట్టుకుంటాండా. ఉగాది కాన్నుంచి చూస్తానే ఉండా. గ్లాసు తడుముకోని పట్టుకుంటాడు. గడప కాడ కాలు ఆడించి చూసుకోని దిగుతాడు. అడిగితే నొచ్చుకుంటాడని చూసీ చూడనట్ల ఉంటి. ఆ డాక్టరు ముందర గూడా నోరు తెరవల్యా. సిగ్గుల్యాని దాన్ని.

…నీకూ తెలుసు కదా? నిజం చెప్పు.

…ఊఁ.

…ఇంట్లో కూచుంటే కుంగిపోతాడని. సరే. ఈ ఒక్క మాటన్నా నిజం చెప్పినావు.

…కదిరికి. కండ్ల డాక్టరు తానకు. పొర వచ్చిందో, ఇంగేమన్నానో… చూసినంక చెప్తాడు. వస్తా వస్తా ఆ ముద్ర గుద్దినోని తానకు గూడా పోతా. రెండు ముక్కలూ నా బ్యాగులోనే ఉండాయి. ఆయప్ప టేబుల్ మీద పెట్టి, చూపు బాగుండాదని నువ్వు రాసినాయన పాతదనుకోని కోసింది ఇదే సార్ అంటా.

…భయమేమి? సంతకం పెట్టినోనికి ఉండల్ల భయం.

…పాతదా? దాన్ని కోసేది ల్యా, పారేసేది ల్యా. పటం కాడనే ఉండాది. దసరా వస్తే బొట్టు పెట్టుకోనీ. తోలేదానికి చెల్లదు గాని, మొక్కుకునేదానికి ఏమి?

…నాయనా? మొదట కత్తెర బాగల్యా అనె. తర్వాత కుంకుమ అడ్డమొచ్చె అనె. జయంతి కార్డు మీది ఫోటో చూపించినంక రెండు ముక్కలూ నా చేతిలో పెట్టె. నేను బయల్దేరు అంటే చెప్పులు వేసుకునె.

…ఇస్తా, ఉండు. నాయనా! ఓబుళేసు మాట్లాడతాడంట… నాయనా?

…వద్దని చెయ్యి ఊపుతాండాడురా. ఉండు, బస్సేదో వస్తాంది.

ఏమి నాయనా?… ఆ?

…లైన్లోనే ఉండా. లేదురా, ఏడ్చేది ల్యా. దుమ్ము.

…యాది బస్సు, బోర్డు చదువమ్మా అని అడుగుతాండాడు. నన్ను అడిగేది ఇదే మొదలురా.

కదిరిదే నాయనా. మెట్టు ఎత్తుగా ఉండాది, చెయ్యి పట్టుకో.

…పెట్టేస్తాండా.