గౌరమ్మ మొగుడి మొహం

నాంచారమ్మకి మొహాలు రాయడం రాదు. బొమ్మలపేటలో కోడలై ఉండి మొహం రాయడం రాకపోవడమేంటి అంటారా, చెప్తా ఆగండి, వేరుశనక్కాయలు వలిచే చేతులు మాత్రం ఆపబాకండి. ఆ పేటలో అది ఆనవాయితీ. కర్ర చెక్కేది మగాళ్ళు, బట్టలకీ గుర్రాలకీ రంగులేసేది ఆడాళ్ళు, మొహం మాత్రం ఇంటిపెద్దే రాయాలి. నాంచారమ్మ మామ భద్రయ్య రాస్తే కళ్ళు ఇంతేసి ఉండేవంట, తెల్లగా మెరుస్తా, నడిమధ్యన నల్లచుక్క. దేవుడైనా అవే కళ్ళు, ఆవైనా అవే కళ్ళు. ఎందుకు మావా అంటే, సంతలో పది బారల దూరాన ఉన్న పిల్లకాయకి బొమ్మ కళ్ళు కనపడాలి, కనపడితేనే కొనమని ఏడుస్తాడు, అనేవాడంట. నిజమే కదా మరి.

అట్టాంటి భద్రయ్యకి ఆ ఏడు చెయ్యి వణకటం మొదలైంది. సరిగ్గా అప్పుడే కోట దొర కబురు పెట్టాడు. ఏమైందంటే, నలభై ఏళ్ళ కిందట ఆ కోట మీదకి దండొస్తే, గుమ్మం కాడ పదిహేడు మంది నిలబడి పోరాడి అక్కడే పోయారంట. ఆ పదిహేడు మందికీ చిటికెనవేలంత బొమ్మలు చేసివ్వండి, దసరాకి గుమ్మం పక్క గూట్లో పెడతాం, అన్నాడు దొర. చిటికెనవేలంత బొమ్మకి మొహం ఎంతుంటదనుకున్నారు, శనగగింజంత. వణికే చేత్తో శనగగింజ మీద కన్నూ ముక్కూ పెట్టగలడా? అందుకని భద్రయ్య తన కుంచె తీసి కోడలి చేతిలో పెట్టి, నేను చెప్తా, నువ్వు రాయమ్మాయ్, అన్నాడంట.

నాంచారమ్మ రాసింది. పదిహేడు మందినీ మామ చెప్పినట్టే రాసి, ఆరబెట్టి, అరుగు మీద వరసగా నిలబెట్టింది. అప్పుడొచ్చింది గౌరమ్మ. ఈవిడెవరంటే, ఆ పదిహేడు మందిలో కోదండం అని ఒకాయన ఉన్నాడులే, ఆయన పెళ్ళాం. పెళ్ళైన మూడో రోజున కోట నుంచి పిలుపొస్తే పోయినాడు, మళ్ళీ రాలేదు. ఆవిడకి ఒక కన్ను పొర కమ్మి పోయింది, రెండోది దసరా దాకా నిలిస్తే గొప్ప అన్నాడంట వైద్యుడు. మా ఆయనెక్కడ అమ్మాయ్ అంటా ఒక్కో బొమ్మనీ కంటికి ఆనించుకుని మరీ చూసింది. చూసి చూసి, ఇదేంటే, అందరూ పామును చూసినోళ్ళలాగా చూస్తన్నారు, మా ఆయన పోరాడటానికి పోయాడా దడుచుకోటానికి పోయాడా, అని నవ్విందంట. నవ్వతానే కళ్ళొత్తుకుని, ఈ కన్ను కూడా పోయేలోపు ఒక్కసారి ఆయన మొహం చూద్దామనుకున్నా పిల్లా, నాకు ఇంకేం కోరిక లేదు, అని లేచింది.

నాంచారమ్మ గబుక్కున లేచింది. ఆగు పెద్దమ్మా, అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఆయన ఎట్టా ఉండేవాడో చెప్పు, అంది. నాకేం తెలుసు, మూడు రోజులూ తల వంచుకునే ఉన్నాగా, అంది గౌరమ్మ. ఏంటి, కాయలు వలవకుండా నవ్వుతున్నావా మంగతాయీ, నువ్వు పెళ్ళికి ముందే మీ ఆయనతో సినిమాకి పోయినదానివి, నీకేం తెలుసులే. గౌరమ్మ ఆయన్ని చూసింది ఒక్కసారే. పీటల మీద మధ్యన పట్టిన తెర దించుతారు చూడండి, అప్పుడు తలెత్తిందంట. సాంబ్రాణి పొగ ఆయన మొహానికేసి కొడతా ఉంది, ఎడమకన్ను చికిలించాడు, నీళ్ళు కారతా ఉన్నయి, అట్టానే నన్ను చూసి నవ్వాడు, మళ్ళీ తల వంచేశా, అంతే, అంది. ముక్కూ గడ్డం మా మరిదివే అంటారు, ఆయన్ని చూసుకో, ఆ నవ్వు మాత్రం మరిదికి రాలేదు, అని కూడా చెప్పింది.

ఇక చూసుకోండి నాంచారమ్మ అవస్థ. మరిది ఇంటికెళ్ళి ముక్కూ గడ్డం చూసొచ్చింది, అవి కుదిరినయి. కన్ను కుదరదే. సగం మూసిన కన్ను రాస్తే ఒంటికన్నోడైపోయాడు. గీకేసింది. మళ్ళీ రాస్తే నిద్రమొహం. మళ్ళీ గీకింది. తొమ్మిది సార్లు రాసింది, తొమ్మిది సార్లు గీకింది, దసరా వారంలోకొచ్చేసింది. ఆ పూట భద్రయ్య పొయ్యి మీద రంగుల్లోకి బంక కాస్తా మంట ఊదుతున్నాడు. పొగ గుప్పున మొహానికి కొట్టింది, కళ్ళు చికిలించాడు. కదలబాక మావా, అని కేకేసిందంట నాంచారమ్మ. పొయ్యి కాడ కదలకుండా ఎట్టా ఉంటాడు పాపం, అయినా ఉన్నాడు. ఈవిడ దగ్గరకొచ్చి మొహంలో మొహం పెట్టి చూసింది. అసలు సంగతి ఇక్కడుంది, వినండి. కన్ను తెల్లగా లేదంట. ఉన్న కాస్త తెలుపూ మాసిన పంచె రంగు. నల్లగుడ్డు మధ్యలో నిలబళ్ళేదు, పైరెప్ప కిందకి దూరి ఉంది. కన్ను గుంటలో ఉంది, గుంట చీకటిగా ఉంది, కింది పెదవి కింద ఇంకో చీకటి. ఇన్నేళ్ళూ మనం వెలుతురే రాశాం మావా, నీడ రాయలేదు, అని గెంతినంత పని చేసింది.

వెంటనే కూర్చుంది. ముందు గోధుమరంగు నీళ్ళగా కలిపి గుంటల్లోకి వదిలింది. ఏంటే కోడలా, మొహానికి మసి పూస్తన్నావ్, ఇట్టాంటి మురికి బొమ్మ ఎవరు కొంటారు, అని భద్రయ్య ఒకటే గోల.  ఈవిడ ఆ మసి మీదే నుదురుకీ, ముక్కుకీ, బుగ్గకీ మాత్రం ఒంటిరంగు ఎక్కించింది. మేకవెంట్రుకలు మూడే మూడు ఉంచి కుంచెలో మిగతావి కోసేసి, ఊపిరి బిగబట్టి, పైరెప్ప గీసింది, దాని కింద నల్లచుక్క సగమే పెట్టింది. పెదవి కొస ఒక్క రవ్వ పైకి లేపింది. అంతే, కర్రముక్క నవ్వింది. గోల చేస్తన్న భద్రయ్య ఆ బొమ్మని కంటి దాకా తెచ్చుకుని చూశాడు. మిగిలిన పదహారు మందివీ నువ్వే గీకెయ్యి, మళ్ళీ రాద్దాం, అన్నాడు ఆఖరికి. ఇంటింటికీ తిరిగి వాళ్ళ కొడుకులనీ మనవలనీ చూసొచ్చి పదహారు మందినీ రాసింది మహాతల్లి, దసరా ముందురోజుకి.

గౌరమ్మని పిలిపించారు. కోదండాన్ని ఆవిడ అరచేతిలో పెట్టింది నాంచారమ్మ. మంచి కంటికి దగ్గరగా తెచ్చుకుంది గౌరమ్మ. అట్టానే చూస్తా ఉంది.  కుదరలేదా పెద్దమ్మా, ఆయన కాదా, అని అడిగింది నాంచారమ్మ. అప్పుడు గౌరమ్మ, అరవై ఏళ్ళ మనిషి, పైట కొంగు తల నిండా కప్పుకుని, తల దించేసుకుందంట. నన్నడుగుతావేంటే, ముందు ఆయన్ని అటు తిప్పు, అందంట, వినపడీ వినపడనట్టు.

దసరానాడు కోటగుమ్మం కాడ గూట్లో దొర లెక్కపెడితే పదహారే ఉన్నయి. ఒకటి తగ్గిందేంటి భద్రయ్యా అన్నాడు. ఒకాయన ఇంటికెళ్ళాడు దొరా, అన్నాడంట భద్రయ్య.  ఆ గూట్లో ఒక చోటు ఇప్పటికీ ఖాళీయే అంటారు, నేనైతే చూళ్ళేదు. ఏంటి, అందరూ కళ్ళు తుడుచుకుంటన్నారా, తుడుచుకోండి గానీ, ఆ చేటలో వలిచింది పావు, మీరు తిన్నది ముప్పావు, అది మాత్రం నాకు బాగానే కనపడతంది.