శ్రీశైలం చూడని పుట్నాలు

ఏందే పింకీ, కండ్లట్ల ఉబ్బినయి? ఉల్లిగడ్డలు కోసినవా? సరే, ఉల్లిగడ్డలే అనుకుందాం. ఇట్ల కూసో. గా గోడకు ఆనిచ్చిన పందిరి గుంజలు చూస్తే నాకు నాగేశ్వరమ్మ యాదికొస్తది. ఎవరంటవేంది! ఈ చందానగర్ ఇంట్లనే ముందటి అర్రల కిరాయికుండె. ఆంధ్రామె, వాళ్లాయనది గవర్మెంటు నౌకరి. కాఫీ తాగంది దేవునికి గుడ దండం పెట్టకపోయేది. పోయి శానేండ్లాయె, పుణ్యాత్మురాలు.

గప్పుడు నాది అంబాసిడర్ కారు. మాదాపూర్ల బండగుండ్లు పేల్చి కంపెనీల బిల్డింగులు లేపుతుంటే గా ఇంజినీర్లను తిప్పేటోణ్ణి, చెవులు దిబ్బళ్లు పడేటివి. గా శ్రావణంల మా చెల్లె పెండ్లి. అంతకు నెల ముందటనే మీ నాయనమ్మకు కాన్పయింది, పిల్ల పుట్టంగనే పోయింది. పందిరేసినంక మా అమ్మ ఏమన్నది? "పచ్చటి పందిట్ల కన్నీళ్లు పడొద్దు సత్తెమ్మా, పెండ్లయినంక ఏడువు." మా అమ్మ చెడ్డది కాదు బిడ్డా, గా కాలం గట్లుండె. ఇగ మీ నాయనమ్మ ఏడుపు మింగింది, దాంతోని మాట గుడ మింగింది. బువ్వ ముట్టది. పిల్ల పోయె, ఇగ పెండ్లాం గుడ పోతదని నాకు ఒకటే పరేషాన్.

పెండ్లి ఇంక వారం ఉందనంగ, ఒకనాడు పొద్దుగాల నాగేశ్వరమ్మ వచ్చి మా అమ్మతోని, "పెద్దమ్మగారూ, శ్రీశైలం వెళ్తున్నానండీ, తోడుకి సత్తెమ్మని పంపండి. మల్లన్న దగ్గరికండీ, కాదనకూడదు" అన్నది. మల్లన్న పేరు చెప్తే మా అమ్మ నోరెత్తుతదా? నా కార్లనే ముగ్గురం పోయినం. కల్వకుర్తిల చాయ్ తాగినం, గసొంటి చాయ్ మల్ల దొరకలే, సరే, గది ఇడిసిపెట్టు. మన్ననూరు దాటి అడవిల పడ్డంక, "యాదయ్యగారూ, బండి ఇటు తిప్పండి" అన్నది. "అమ్మా, శ్రీశైలం సక్కగ పోవాలె" అన్న. "తిప్పమంటున్నానా!"

గది మల్లెల తీర్థం, అడవి నడుమ జలపాతం. మెట్లు దిగితే నరపురుగు లేడు. నీళ్ల సప్పుడు, మేము ముగ్గురం. ఆమె మీ నాయనమ్మను బండ మీద కూసోబెట్టి, "ఇక్కడ పందిరి లేదమ్మా, ఏడు" అన్నది. గంతే. మీ నాయనమ్మ ఎక్కెక్కి ఏడ్సింది. నేను గుడ ఏడ్సిన, దాచిపెట్టుడెందుకు. మొగోడు ఏడ్వొచ్చని నాకెవలు చెప్పిన్రు గంతకు ముందు? శానసేపటికి నాగేశ్వరమ్మ డబ్బా తీసి పులిహోర పెట్టింది. మీ నాయనమ్మ ఒక ముద్ద తిని, "ఉప్పు తక్కువైంది" అన్నది. గన్ని దినాలకు మొదటి మాట! నాగేశ్వరమ్మ నవ్వుకుంట కండ్లు తుడుసుకుంది.

శ్రీశైలం యాడ పోతం ఇగ? మా అమ్మ ప్రసాదం అడుగుతది గద. మన్ననూర్ల పుట్నాలు, చక్కెర కొని పొట్లం కట్టించింది నాగేశ్వరమ్మ. మా అమ్మ కండ్లకద్దుకొని తిని, "చూసిన్రా మల్లన్న మహిమ, కోడలు నోరిప్పింది!" అని వాడకట్టంత పంచింది. సచ్చేదాక ఆమెకు చెప్పలే. గా నాగేశ్వరమ్మ రుణం మాత్రం ఏ జన్మల తీరుస్తనో.

ఇగో, రేపు మీ అక్క పెండ్లికి గుంజలు పాతుతరు. నీకు ఏమైందో నేనడుగ. లే, చెప్పులేసుకో. నాయనమ్మను పిలువు. మీ అమ్మ అడిగితే శ్రీశైలం పోతున్నమని చెప్పు. పుట్నాలు నేను కొంట.