మగ్గం మీద రెండో మనిషి

మొహం అటు తిప్పుకోకు మామ్మా. మాట పడిపోయింది గానీ చెవులు బాగానే వినిపిస్తున్నాయని డాక్టరుగారే చెప్పారు. వినాలి నువ్వు.

ఇవాళ రాజమండ్రిలో నా ఎం.ఏ. వైవా అయ్యింది. నా ప్రాజెక్టు ఎవరి గురించనుకున్నావు? నీ గురించే. ఉప్పాడలో సముద్రం ఇళ్లు లాగేసుకున్న నేతవాళ్ల బతుకులు. అందులో నీ కథే ఇరవై పేజీలు.

ఏంటలా చూస్తావు? నువ్వెప్పుడు చెప్పావనా? చెప్పలేదు. చెబుతానని రెండేళ్లు నా వెనకాల పడ్డావు. “సూర్యకళా, ఓ అరగంట కూర్చోవే, ఆ ఇంటి సంగతి చెబుతాను” అనేదానివి. పరీక్షలన్నాను, తలనొప్పన్నాను. నీకు మాట పడిపోయాక, ఏఐకి నాలుగు లైన్లు కొట్టాను. ఉప్పాడ, జాందానీ చీరలు, సముద్రం, ఒక ముసలావిడ. నిమిషంలో నీ బతుకంతా రాసిచ్చేసింది. మా గైడుగారైతే చదివి కళ్లు తుడుచుకున్నారు.

నేనొక్కదాన్నే కాదులే. మా క్లాసులో ఒక్కళ్లు ఊళ్లోకి వెళ్లి మనిషితో మాట్లాడితే ఒట్టు.

వైవాకి బయటనుంచి వచ్చిన ప్రసన్నకుమారి మేడమ్ మాత్రం ఒక పేజీ దగ్గర ఆగిపోయారు. పొద్దస్తమానం నువ్వు మగ్గం మీద ఒంటరిగా కూర్చుని నేసేదానివని రాసుందక్కడ. “మాదీ నేతపని చేసే ఇల్లేనమ్మా. జాందానీకి మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి కదా. మీ మామ్మగారి పక్కన ఎవరు కూర్చునేవారు?” అన్నారు.

తాతయ్య అనేశాను. రైసుమిల్లులో పనిచేసిన మనిషి, మగ్గం ముట్టుకుని ఎరగడని తెలిసే అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, “సరేనమ్మా” అని ఫైలు మూసేశారు. మార్కులు మాత్రం క్లాసులో నాకే ఎక్కువ. అదీ మా చదువు.

ఇప్పుడు చెప్పు, ఎవరు? నీ చెల్లెలా? పక్కింటావిడా? పేర్లు చదువుతాను, అవునంటే కళ్లు మూసెయ్యి. ఏ పేర్లు చదవను? నీవాళ్ల పేర్లు నాకు ఒక్కటీ తెలీదు. నాన్ననడిగితే ఆయనకీ గుర్తులేదట.

ఇంకోటుంది, అదీ చెప్పేస్తాను. వస్తూ వస్తూ బస్సులో ఫోన్‌ని అడిగాను, ఆ రెండో మనిషి ఎవరని. నీ తోడికోడలంది, ఆవిడకో పేరు కూడా పెట్టింది. సామర్లకోట దాకా నమ్మాను. తాతయ్య ఒక్కడే కొడుకని అప్పుడు గుర్తొచ్చింది.

నువ్విక్కడ మంచం మీద ఉన్నావని తెలుసు. అయినా ముందు దాన్నే అడిగాను మామ్మా.