కొట్టివేసిన సంతకం

పందొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం జూన్ పద్నాలుగవ తేదీన నగర జలసరఫరా కార్యాలయపు పరీక్షా విభాగంలో చేరిన నాటి నుండి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న నేటి వరకు, మన సీనియర్ పరీక్షకురాలు గారు ఒక్క పూటైనా కుర్చీలో కుదురుగా కూర్చున్నట్లు ఎవరికీ జ్ఞాపకం లేదు.

వారి విధి వినడానికి స్వల్పం, బాధ్యతలో గురుతరం. వీధి గొట్టంలో నీటి ఒత్తిడి పడిపోయినప్పుడు, భవనాల్లోని మురికినీరు వెనక్కి వచ్చి అందరి తాగునీటిలో కలవకుండా ఒక వాల్వు అడ్డుపడుతుంది. అది తన పని చేస్తున్నదో లేదో ఏటేటా ఒత్తిడి కొలిచే గేజీ బిగించి చూసి, ధ్రువపత్రంపై సంతకం చేయాలి. తొలి ఆరేళ్ళు గేజీ పెట్టె మోసి, ఏడవ ఏట వారు ఆ సంతకానికి అర్హత సాధించారు. గేజీ ముల్లు ఒకసారి కదలక నిలిస్తే తక్కిన వారు పెట్టె సర్దుకుంటారు; వారు మాత్రం "మళ్ళీ చూద్దాం" అంటారు. అందుకే మనమంతా వారిని చాటుగా 'మళ్ళీ మేడం' అనుకుంటూ వచ్చాం. చాటుగా అన్నది మన భ్రమ, వారికి మొదటి నుంచీ తెలుసు.

ఆ అలవాటు పుట్టుకతో వచ్చినది కాదు. అర్హత వచ్చిన మరుసటి ఏడు, ఒక లాండ్రీలో వాల్వు బాగున్నదని ఉదయం సంతకం చేసి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరారు. లాండ్రీ పక్కనే, అదే వీధి గొట్టం మీద, ప్రసూతి ఆసుపత్రి ఉంది. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

"ఏమండీ, గేజీ పైపులో గాలి తీశానంటారా?"

"నన్నడుగుతావేంటి? నేనేమైనా అక్కడున్నానా? ముందు తిను" అన్నారు దర్జీ పని చేసే భర్తగారు.

పైపులో గాలి ఉండిపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. వారు చేయి కడిగేసుకుని, వచ్చిన దారినే పరుగు తీశారు.

"పొద్దున్నే బాగుందని రాసిచ్చారు కదండీ!" అని లాండ్రీ యజమాని విసుక్కున్నాడు.

"రాశాను. అదే నా భయం."

ఈసారి గాలి తీసి చూస్తే ముల్లు నిలవలేదు. వాల్వులోని రబ్బరు చిరిగి ఉంది. లాండ్రీలో బట్టలుతికిన మందునీళ్ళకూ, పక్క ఆసుపత్రిలోని పురిటి బిడ్డల నీళ్ళకూ మధ్య ఆ పూట అదృష్టం తప్ప మరే అడ్డూ లేదు. లాండ్రీకి నీళ్ళు ఆపించి, రబ్బరు మార్పించాక గానీ వారు అక్కడి నుంచి కదలలేదు.

"మధ్యాహ్నం పాడైందని రాసేద్దాం అమ్మా, నీ ఉద్యోగానికి మచ్చెందుకు?" అన్నారు అప్పటి పై అధికారి, జాలితోనే. వారు తమ సంతకాన్ని ఎర్రసిరాతో కొట్టివేసి, కింద "గాలి తీయలేదు. తప్పు నాది" అని రాశారు. పదోన్నతి మూడేళ్ళు వెనకబడింది. అనంతరం సీనియర్ పరీక్షకురాలిగా పద్నాలుగు మంది కొత్తవారిని తీర్చిదిద్దారు. ఆ పద్నాలుగురిలో ఒక్కరినీ ప్రశాంతంగా భోంచేయనివ్వలేదు.

అభినందన వ్యాసంలో తప్పుల ప్రస్తావన శోభించదని మన వీడ్కోలు సంచిక సంఘం భావించినందున, ఈ వ్యాసపు చిత్తుప్రతిలో "వాల్వు అకస్మాత్తుగా చెడిపోగా, వారు దూరదృష్టితో గ్రహించారు" అని ఉండేది. తేదీలు సరిచూడమని వారికే పంపితే, మర్నాడు ఆ వాక్యం ఎర్రసిరాతో కొట్టివేయబడి తిరిగి వచ్చింది. వెనువెంటనే వారి ఫోనూ వచ్చింది.

"దూరదృష్టేంటండీ, మరిచిపోయాను! అలాగే వేయండి. రేపు కొత్తవాళ్ళలో ఎవరైనా మరిచిపోతే సిగ్గుపడి నోరు మూసుకుంటారు. నేనూ మరిచిపోయానని తెలిస్తే వెనక్కి పరిగెత్తుతారు."

కనుక వ్యాసం వారు దిద్దినట్లే అచ్చవుతున్నది. వారు సంపూర్ణ ఆరోగ్యంతో, భర్తగారితో, కూతురి పిల్లలతో చిరకాలం సుఖంగా ఉండాలనీ, ఇకపై ఏ భవనం ముందు నుంచైనా నిశ్చింతగా నడిచి వెళ్ళగలగాలనీ మనసారా కోరుకుంటున్నాం. ఆ నిశ్చింత మాత్రం, మేము పదవిలో ఉన్నంత కాలం, మాకు అబ్బకుండు గాక.