ఆఖరి చెయ్యి

1986. భద్రాచలం దారిలో అడవి అంచున ఐటీఐ, ఫిట్టర్ షెడ్డు. నిరుడు ఇక్కడ పాసై వెళ్ళిన భద్రు సాయంత్రం తనకు పాఠం చెప్పిన వెంకటనారాయణ సారు కోసం వచ్చాడు. వచ్చిన పని మాత్రం ఇంకా నోటిదాకా రాలేదు.

"కూర్చోరా అంటే కూర్చోవేం? ఉద్యోగం సంగతి చెప్పు ముందు."

"బాగున్నరా సార్?"

"నా బాగు తర్వాత. సారపాక దగ్గర వర్క్‌షాపులో పరీక్ష పెట్టారంటగా?"

"అవ్ సార్. పెట్టిండ్రు."

"ఏమిచ్చారు?"

"ఇనుప ముక్క. ఆకురాయితోని రాకి చదరం చేయమన్నరు."

"అదెంత పని నీకు. ఫస్టు క్లాసులో పాసయ్యావు. మీ తండా పిల్లలందర్నీ గట్టెక్కించానని నేను ఊరంతా..."

"చేసిన సార్."

"మరి?"

"మూలలు జర వంకర ఉండె. అక్కడి పెద్దసారుకు ముక్క, ఆకురాయి రెండూ ఇచ్చి నిలబడ్డ."

"ఆకురాయి ఎందుకిచ్చావురా?"

"ఆఖరి చెయ్యి ఆయన పెడ్తడనుకున్న."

"ఆఖరి చెయ్యేమిటి?"

"మీరు పెడ్తుండె గద, మూలలు సరిచేసి. ప్రతి ముక్కకు. పరీక్షనాడు గూడ. మా ఇంట్ల గంతే సార్. గోడ పెట్టినా, గడ్డివాము వేసినా, ఆఖరుకు మా తాత చెయ్యి పడాలె. ఫిట్టర్ పనిల గూడ గట్లనే ఉంటదనుకున్న."

"నవ్వారా వాళ్ళు?"

"నవ్వలే. ఇంకా కొంచెం ఆకురాయి పట్టు బాబూ అన్నడు ఆ పెద్దసారు. మంచోడే. ఎక్కడ పట్టాలెనో నాకే తెల్వలే."

"పొమ్మన్నారా?"

"నేనే వచ్చిన."

"చూడు భద్రూ. మీరొచ్చేనాటికి స్కేలు మీద గీతలు చదవడం కూడా రాదు. నేర్పుదామంటే పరీక్ష ముంచుకొచ్చె. ఫెయిలైతే మళ్ళీ ఈ గుమ్మం తొక్కరని... జాలేసిందిరా."

"తెలుసు సార్. మా అమ్మ ఇప్పటికీ మీ పేరు చెప్పి దండం పెడ్తది."

"రోజూ సాయంత్రం రా. మొదట్నించీ నేర్పుతాను. నేనుంటాగా."

"నాకింక యాడ కుదుర్తది సార్. వెదురు లారీలకు లోడెత్తుతున్న."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చావురా?"

"మా రామ్‌సింగ్ మీ క్లాసులనే చేరిండు గద."

"నీ తమ్ముడేగా? వాడి గురించి బెంగపెట్టుకోకు. నిన్ను చూసుకున్నట్టే చూసుకుంటాను."

"గందుకే వచ్చిన సార్. వాని ముక్క మీద మీరు చెయ్యి పెట్టకుండ్రి. పని నేర్వకపోతే ఫెయిల్ చేయుండ్రి."