దెయ్యానికి చొక్కా ఎక్కడిది?

ఏదీ, ఆ ఫోను ఇలా చూపించు. కాస్త దూరంగా పట్టుకో అబ్బాయ్, దగ్గరగా పెడితే నాకేమీ కనపడి చావదు. ఊఁ... ఇదా నీ దెయ్యం? తెల్లచీర, విరబోసిన జుట్టు, బాగానే ఉంది. ఇదే మా బావకి చూపిస్తే, "చీర సరే, ఇస్త్రీ ఎవరు చేశారు?" అనేవాడు. మా బావంటే మా అక్క మొగుడు. గడియారాలు బాగుచేసేవాడు. ఎవడైనా దెయ్యాన్ని చూశానని కొట్టుకొస్తే చాలు, చేతిలో పని పక్కన పెట్టి మరీ వాణ్ణి కూర్చోబెట్టేవాడు. "ఒంటి మీద బట్టలున్నాయా? ఉన్నాయా! మనిషి చచ్చాడు, ఒప్పుకున్నాను. మరి చొక్కా ఎప్పుడు చచ్చిందయ్యా?" అంతే, వాడు చెప్పులేసుకుని చక్కాపోయేవాడు. పెడసరం మనిషిలే. అబద్ధమంటే ఒంటికి పడదు. అక్క వంటలో ఉప్పెక్కువైతే చుట్టాల ముందే చెప్పేసేవాడు, అది ముక్కు చీదుకుంటూ వంటింట్లోకి పోయేది.

సరే, ఏం చెబుతున్నాను? ఆఁ, టైలరు. బావ కొట్టుకి ఎదురుగా ఉండేవాడు. ఒక కాలు అవిటిది పాపం, రెండో కాలితోనే మిషను తొక్కేవాడు. ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. ముందు కొట్టు, వెనక ఇల్లు. పిల్లాజెల్లా లేరు, ఆ ఇంట్లో భార్య ఒక్కతే మిగిలింది. తమ్ముడొకడున్నాడు, పెద్ద ఘటం. "వదినా, నువ్వు మీ పుట్టింటికి పో, కొట్టు మందుల షాపుకి ఇచ్చేస్తాను" అని కూర్చున్నాడు. కొట్టు వాళ్ళ నాన్నది కదా, వీడి మాటే చెల్లేట్టుంది. సరిగ్గా అప్పుడే మొదలైంది గోల. మూసిన కొట్టులో మిట్టమధ్యాహ్నం మిషను చప్పుడట. తలుపుకి మసక అద్దం ఉండేదిలే, అందులోంచి చూస్తే టైలరే, అదే బూడిదరంగు చొక్కా, మెళ్ళో టేపు, వంగి కుడుతున్నాడట! పాలవాడు చూశాడు, కరెంటాఫీసు గుమస్తా చూశాడు, చూడనివాళ్ళు ఇంకా బాగా చూశారు. తమ్ముడికి చెమటలు పట్టాయి. మందుల షాపువాడు అటు తొంగిచూడటం మానేశాడు.

అప్పుడా తమ్ముడు మా బావ కాళ్ళమీద పడ్డాడు. "మీరొక్కసారి లోపలికెళ్ళి ఏమీ లేదని చెప్పండి బాబూ, మీరు చెబితే వీధంతా నమ్ముతుంది" అని. ఇహ చూడు, మా బావ పెళ్ళికొడుకులా బయల్దేరాడు. వెనక మేమంతా. కొట్టు ముందు నిలబడి, మమ్మల్ని నోరు మూయమని, చెవి ఒగ్గి విన్నాడు. విని నా చెవిలో, "ఒరేయ్, వాడు బతికున్నప్పుడు మిషను కూడా కుంటేది కదరా. ఇది రెండు కాళ్ళ తొక్కుడు. చచ్చాక కాలు బాగైందంటావా?" అన్నాడు. నవ్వుకుంటూ వెనక దారిన లోపలికెళ్ళాడు. ఎంతసేపటికీ రాడే! వచ్చాక చూస్తే మొహంలో నెత్తురుచుక్క లేదు. తమ్ముడు ఎగబడి, "ఏమీ లేదు కదండీ?" అన్నాడు. "ఉన్నాడు," అన్నాడు మా బావ. ఎవడో వెనకనుంచి, "చొక్కా ఉందా గురువుగారూ?" అన్నాడు. "ఉంది. గుండీలు కూడా ఉన్నాయి," అని తలొంచుకుని పోయాడు.

ఇంకేముంది, తమ్ముడు మళ్ళీ ఆ వీధి మొహం చూస్తే ఒట్టు. మా బావ పరువు మాత్రం గంగలో కలిసింది. గడియారం ఇవ్వడానికొచ్చిన ప్రతివాడూ, "దెయ్యం కులాసాయేనా?" అనేవాడు. మాటకి పదిమాటలు అప్పజెప్పే మనిషి, గడియారం మూత విప్పుకుంటూ కూర్చునేవాడు. ఆ టైలరు భార్య మెల్లగా కొట్టు తెరిచింది. ఆయన చెయ్యే ఆవిడ చేత కుట్టిస్తోందని జనం ఎగబడ్డారు కూడాను, మన జనం సంగతి తెలుసుగా! బావ పోయాక ఆవిడే ఏడుస్తూ నాకు చెప్పింది. మొగుడు సగంలో వదిలేసిన బట్టలు పూర్తి చేస్తోందట ఆ రోజుల్లో. ఆయన చొక్కా తొడుక్కుంటే కుట్టు వంకర పోయేది కాదట. "అన్నయ్యగారూ, మీరు నిజం చెబితే రేపు నాకీ గూడుండదు" అని బావతో అందట. ఆయన నిలబడి, నిలబడి, "కుట్టుకో అమ్మా" అని వచ్చేశాట్ట.

ఇప్పుడు ఆవిడా లేదు, ఆ తమ్ముడూ లేడు, దాచేందుకేముంది అంటావు. మెల్లగా మాట్లాడు, అక్క లోపలుంది. దానికి కూడా ఆయన చూశాననే చెప్పాడురా. బావ పోయినప్పట్నించీ దానిదొకటే మాట, "ఆయన అబద్ధమాడే మనిషి కాదు. చూశానన్నారంటే పోయినవాళ్ళు వస్తారన్నమాటే. ఆ టైలరొచ్చాడు, మీ బావ రారా?" అని. రోజూ మధ్యాహ్నం తల దువ్వుకుని వసారాలో కూర్చుంటుంది. ఎండగా ఉంది, లోపల పడుకోవే అంటే, "నేను లేకపోతే వెనక్కెళ్ళిపోతారురా" అంటుంది. మొన్న నాకు నోటిదాకా వచ్చింది, చెప్పేద్దామని... ష్, లేచింది. ఆఁ, ఏం లేదక్కా, ఉద్యోగం సంగతేదో అడుగుతున్నాడు ఈ అబ్బాయి. నువ్వు కుర్చీ మొయ్యకు, మేం వేస్తాం. అబ్బాయ్, అలా చూస్తావేం, ఆ కుర్చీ పట్టు. ఒకటి కాదు, రెండూ తీసుకురా.