చింతపండుతో తోమిన చైనా కలశం

ఏరా రోహనూ, కూర్చో. జ్ఞానకుమారి అసలు సంగతి నాకు మొదట చెప్పింది హెప్సి. ఇప్పుడు వెంబ్లీలో ఉంటుందే, ఆ హెప్సి. ఇద్దరూ ఇక్కడే కోవెంట్రీలో ఒకే రోటాలో, ఒకే డ్యూటీ వేళల్లో, ముసలాళ్లని చూసుకునే కేర్ పని చేసేవాళ్లు. అది నాకు చెప్పేనాటికి జ్ఞానకుమారి పోయి ఏడాది. ముందే చెప్పి ఏడవొచ్చుగా అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఏం లాభం. నా టీలో పంచదార వెయ్యకు, షుగరు. ఆఁ, వాళ్లు చూసుకునే తెల్ల ముసలాయన మంచం దిగలేడు. ఆయన దగ్గర ఓ కంచు కలశం ఉండేది. క్రీస్తు పుట్టకముందు చైనా రాజులు చచ్చిన పెద్దలకి అందులో వైన్ పోసి పెట్టేవాళ్లని ఆయనే జ్ఞానకుమారికి చెప్పాడంట. నేనూ చూశాను, మినీక్యాబ్ తోలే రోజుల్లో ఈమెని దింపడానికెళ్లి. బానపొట్ట, సన్నటి మెడ, ఒళ్లంతా పచ్చటి చిలుము. చిలుము కింద మబ్బుల్లాంటి మెలికలు, మెలికల్లో వెండి తీగ. పూత కాదు. గాడి తొలిచి, తీగ కూర్చి, కొట్టి, చేతికి తగలకుండా అరగదీశారు. ప్రేమ్‌నాథ్ ఇప్పటికీ అది వెండి పూతే అంటాడు. మన చర్చికి సంఘపెద్దట, వాడికేం తెలుసు.

క్రిస్మస్‌కి ఆయన చుట్టాలొస్తారని ఈ పిచ్చి మనిషి దాన్ని సింకులో పెట్టి చింతపండూ ఉప్పూ వేసి తోమింది, తెనాలిలో వాళ్లమ్మ పండక్కి ఇత్తడి సామాను తోమినట్టు. చిలుమంతా పోయి తళతళా తేలింది. దాంతోపాటే తీగలు వెంట్రుకల్లా లేచి నీళ్లలో కొట్టుకుపోయాయి. పాడు చెయ్యలేదని నేననను. చేసింది. కానీ దాచలేదు. తడి చేతుల్తోనే మంచం దగ్గరికి పట్టుకెళ్లి, సార్, నా వల్ల పాడైపోయింది అంది. ఆయన దాన్ని చాలాసేపు నిమిరి, దీని అసలు రంగు ఇదన్నమాట, చచ్చేలోపు చూశాను అని నవ్వాడంట. హెప్సి గుమ్మంలో నిలబడి విన్నది.

ఆ వారమే ఆయన పోయాడు. కూతురొచ్చి, వెండి గీకి అమ్ముకుంది అంది. ఏజెన్సీ పనిలోంచి తీసేసింది, దాంతో వీసా పోయింది. తీసేసేముందు ఏజెన్సీ వాళ్లు హెప్సినడిగితే, నేనారోజు డ్యూటీలో లేను అంది. దాని వీసా భయం దానిది. ప్రేమ్‌నాథేమో ప్రార్థనలో, తండ్రీ, మా మధ్యనున్న దొంగల్ని క్షమించు అని గొంతు సాగదీశాడు, ఆమె వైపే తిరిగి. ఆరోజు నుంచి వాడింట్లో బిర్యానీ నేను ముట్టలేదు. వాడికి ఫరకేం పడలేదులే. ఆమె తెనాలి పోయి, ఎవరికీ మొహం చూపించక, కుంగి కుంగి పోయింది. దిగులుతో మనిషి పోతాడా అంటారు. పోతాడు.

ఇప్పుడామె కూతురు రుచిత మాస్టర్స్ చదవడానికి ఇక్కడికే వచ్చింది. ఈ ఆదివారం మన చర్చికొస్తుందంట. మొన్న ప్రేమ్‌నాథ్ పెళ్లాం, ఆ దొంగామె కూతురా అంది, నా చెవుల్తో విన్నాను. నేనే లేచి చెబుదామంటే పాస్టరు మైకివ్వడు, కిందటిసారి మైకులో తిట్టానని. రాసిద్దామంటే నాకు సంతకం తప్ప రాదు. హెప్సి ఫోనెత్తదు. నువ్వు పాటలకి మైకు పట్టుకుంటావుగా. ఆ పిల్ల వచ్చి కూర్చున్నాక, పాట ఎత్తుకోకముందు చెప్పు. వాళ్లమ్మ పాడు చేసిందని చెప్పు. దొంగతనం చెయ్యలేదని చెప్పు. రెండూ చెప్పాలి, ఒకటి మింగెయ్యకు.